మద్రాసుకు పోయిన వీరన్న

సజ్జలమిట్టలో మద్రాసు చూసి వచ్చిన మొదటి ఆడమనిషి ఎవరంటే ఇప్పటికీ చెంచమ్మ పేరే చెప్తారు. చూసి వచ్చిన మాట నిజమే. కానీ ఏం చూసిందంటే మాత్రం చెప్పడం కష్టం. సముద్రం ముందు నిలబెడితే "నీళ్ళే గదా, పదండి" అని ఇసుకలోంచి వెనక్కి తిరిగిన మనిషి ఆమె. హైకోర్టు మీద లైట్‌హౌసు చూపిస్తే "ఎత్తుగానే ఉందిలే" అంది. అసలు ఆమె మద్రాసు పోయింది మద్రాసును చూడటానికి కాదు. తనకంటే ముప్పై ఏళ్ళ ముందు అక్కడికి పోయిన ఒకణ్ణి చూడటానికి.

ఆ పోయినవాడి పేరు వీరన్న. మనిషి కాదు, రాయి. చెంచమ్మ అత్తగారి జొన్నచేను గట్టున, కంపచెట్లకు వీపు ఆనించి, నడుమెత్తున నిలబడి ఉండేవాడు. ఎన్ని తరాల కిందటో ఆవులమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయిన ఆ ఇంటి మనిషట. చేతిలో కత్తి, కాళ్ళ దగ్గర ఆవులు. చెంచమ్మ కాపురానికి వచ్చేనాటికి అవేవీ కనిపించేవి కావు. అత్త కొండమ్మ సోమవారం సోమవారం నూనె పోసి, పసుపు మెత్తి, వెండి కళ్ళు అతికించి, ఆ రాతిని పసుపు ముద్దను చేసి పెట్టింది. వీరన్నంటే చెంచమ్మకు తెలిసింది ఆ పచ్చటి మొహం, ఆ తెల్లటి కళ్ళు, అంతే.

ఒక ఏడాది పాత రాళ్ళ మీద రాతలు చదివే దొర ఒకడు డేరా వేసుకుని దిగాడు. వీరన్నను చూసి ముచ్చటపడి, కరణం చేత మామ మాల్యాద్రికి కబురు చేశాడు. ఈ రాతిని మద్రాసు తీసుకుపోయి పెద్ద భవంతిలో నిలబెడతాం, దేశమంతా వచ్చి చూసిపోతుంది అని. సజ్జలమిట్ట మనిషికి ఆ మాట ఎట్లా అర్థం కావాలో అట్లాగే అర్థమైంది. పెద్ద భవంతి కట్టి, దేవుణ్ణి నిలబెట్టి, దేశమంతా వచ్చి చూస్తే దాన్ని గుడి అనక ఏమంటారు? మాల్యాద్రి ఇంటికొచ్చి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఏమే, మన ఈరన్నకు మద్రాసులో గుడి కడ్తున్నారంట!"

కొండమ్మ ఏడ్చుకుంటూనే వెండి కళ్ళు ఊడదీసింది. ఊరంతా కలిసి బండికి మామిడాకులు కట్టి, డప్పులతో గిద్దలూరు స్టేషను దాకా సాగనంపారు. ఆ తర్వాత అయిదారేళ్ళు మాల్యాద్రి కాళ్ళు నేల మీద ఆనలేదు. చుట్టుపక్కల ఎవరింటి పెళ్ళిలో కూర్చున్నా మద్రాసు గుడి మాటే. ఆ గుడి నుంచి ఒక్క ప్రసాదం పొట్లమైనా రాలేదేమని అడిగింది మాత్రం కొండమ్మ ఒక్కతే. ఎద్దులకు గాలికుంటు రోగం వచ్చినా, వాన మొహం చాటేసినా, "వాడు అలిగి కూర్చున్నాడు" అనేది.

అత్తాకోడళ్ళిద్దరికీ పడేది కాదు. పొద్దున లేస్తే పొయ్యికంటే ముందు వాళ్ళే రాజుకునేవాళ్ళు. కానీ మంచం పట్టాక కొండమ్మ పిలిచింది చెంచమ్మనే. తన చేత్తో దంచిన పసుపు గుడ్డలో ముడేసి ఇచ్చి, "నేను ఎట్లనూ పోలేకపోతి. నువ్వన్నా పోయి వాడికి పెట్టు" అని మాట తీసుకుని కన్నుమూసింది. బతికినన్నాళ్ళూ ఒక్క మాటా విననిదాన్ని చివరి మాటకు కట్టేసి పోయింది, ఎంత తెలివైన మనిషో చూడండి.

పదేళ్ళు గడిచాయి. మొగుడు పోయాడు. కొడుకులను అడిగితే "రాయిని చూడను మద్రాసు పోతారా ఎవురన్నా?" అని నవ్వారు. చెంచమ్మకు అరవై దగ్గర పడుతోంది. ఆ ముడి విప్పకుండానే పోతే అత్తకు ఏ మొహం చూపించాలన్న దిగులు ఆమెను పట్టుకుంది. పైకి ఎవరి మీద అరిచినా లోపల ఉన్నది ఆ దిగులే.

అట్లాంటి సమయంలో సువార్తమ్మ మద్రాసు పోతున్నట్టు తెలిసింది. సువార్తమ్మ చిన్నప్పటి నుంచి చెంచమ్మ వాళ్ళ చేలో కూలికి వచ్చే మనిషి, క్రైస్తవుల పేటలో ఉంటుంది. కొడుకు ఏబేలు మిషను బడిలో చదువుకుని పెరంబూరు రైలు కార్ఖానాలో ఫిట్టరయ్యాడు. వచ్చి మద్రాసు చూసిపొమ్మని తల్లికి జాబు రాశాడు.

"నన్నూ తోడుకపో" అంది చెంచమ్మ.

సువార్తమ్మ ఒక షరతు పెట్టింది. "రాండమ్మా. కానీ నేను ఆ దేవుడి దగ్గరికి మాత్రం రాను. విగ్రహాల జోలికి పోనని పాస్టరుగారికి మాటిచ్చినా. మీరు లోపలికి పోండి, నేను బయట కూర్చుంటా."

"నిన్నెవురు మొక్కమన్నారు? దోవ చూపిస్తే చాలు" అంది చెంచమ్మ.

ఊరు ముక్కు మీద వేలేసుకుంది. ఊళ్ళో సువార్తమ్మ, చెంచమ్మ ఇంటి గడప బయట నిలబడి సంగటి పెట్టించుకునే మనిషి. రైల్లో ఆ గడప ఎక్కడి నుంచి వస్తుంది? ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు, మధ్యలో టెంకాయల మూట పెట్టుకుని. గుంతకల్లులో పెద్ద రైలు మారేటప్పుడు కూడా చెంచమ్మ ఆ మూటను మధ్యలోనే పెట్టింది.

ఏబేలు పాపం బుద్ధిమంతుడు. సెలవు పెట్టి మరీ తిప్పాడు. మొదటి రోజు సముద్రం, హైకోర్టు. ఆ రెండింటి మధ్యలో చెంచమ్మ కనిపించిన ప్రతి గుడి దగ్గరా ఆగి పూజారులను అడిగించింది, సజ్జలమిట్ట వీరన్న గుడి ఎక్కడని. వాళ్ళు ఏబేలును ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపారు. రెండో రోజు బతికిన కాలేజీ. మద్రాసు పోయిన మనవాళ్ళు జంతువులను పెట్టిన తోటను అట్లాగే అనేవాళ్ళు. పులి బోను ముందు చెంచమ్మకు నిజంగానే కోపం వచ్చింది.

"పులిని చూడను ఇంత దూరం రావాల్నా నాయనా? దోర్నాల అడివి దోవలో నిలబడితే అదే వచ్చి మనల్ని చూసిపోతాది."

ఏబేలు నవ్వి, నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. "పెద్దమ్మా, రాతలు చదివే దొరలు తెచ్చిన రాళ్ళు గుళ్ళలో ఉండవు. చచ్చిన కాలేజీలో ఉంటాయి. అదే, ఎగ్మూరు మ్యూజియంలో."

చెంచమ్మకు ఆ పేరు నచ్చలేదు. చచ్చిన జంతువులను ఎండబెట్టి నిలబెట్టే చోట దేవుణ్ణి ఎందుకు పెడతారని దారి పొడుగునా సణిగింది. అక్కడికి పోయాక, తిమింగలం ఎముకలను దాటి, గాజుపెట్టెల్లో పక్షులను దాటి, రాళ్ళు నిలబెట్టిన వసారాలో అడుగుపెట్టేసరికి సణుగుడు ఆగిపోయింది. సువార్తమ్మ అన్న మాట ప్రకారం మెట్టు మీదే కూర్చుంది.

వసారాలో వీరగల్లులు, వీరన్నలాంటి వీరుల రాళ్ళు, వరసగా నిలబడి ఉన్నాయి. కత్తి, ఆవులు. మళ్ళీ కత్తి, ఆవులు. కింద అంటించిన చీటీలను ఏబేలు ఒక్కొక్కటే చదివాడు. మూడింటి మీద కర్నూలు జిల్లా అని ఉంది. అప్పట్లో గిద్దలూరు కర్నూలు కిందే కదా. ఊరి పేరు మాత్రం ఏ చీటీ మీదా లేదు.

"ఈ మూడిట్లో మనది ఏది పెద్దమ్మా?"

చెంచమ్మ మూడింటినీ చూసింది. మూడూ బూడిద రంగు రాళ్ళే. పసుపు లేదు, నూనె జిడ్డు లేదు, వెండి కళ్ళు లేవు. ముక్కులు, మీసాలు, నడుముకు దట్టీలు, ఇవన్నీ ఆమె ఏనాడూ చూసినవి కావు. ఒకడు ఎడమకు తిరిగి ఉన్నాడు, ఒకడు కుడికి. తమవాడు ఎటు తిరిగి ఉండేవాడో ఆమెకు తెలియదు. ఇటు పోయి చూసింది, అటు పోయి చూసింది. కళ్ళు మూసుకుంటే పచ్చటి మొహం కనిపిస్తోంది, తెరిస్తే ముగ్గురు కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు.

"మూడింటికీ తలా కొంచెం పెడితే పోలేదా?" అన్నాడు ఏబేలు.

"ఎట్ల పెట్టేది? పరాయి ఇంటి ఈరుడికి మా అత్త పసుపు పెడితే మావాడు ఊరుకుంటాడా? ఇప్పటికే అలిగి ఉన్నాడు." ఆ మాట అంటూనే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో గట్టిగా ఏడవని మనిషి, స్తంభానికి ఆనుకుని కూలబడి, "మా ఇంటి దేవుణ్ణి నేనే ఆనవాలు పట్టలేకపోతినే అత్తా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు మెట్ల దాకా వినిపించింది. సువార్తమ్మ లేచింది, మళ్ళీ కూర్చుంది. పాస్టరుగారికి ఇచ్చిన మాట ఒకటి అడ్డం. దానికంటే పెద్ద అడ్డం ఇంకొకటి ఉంది. అది బయటపెడితే చచ్చిపోయిన తన తల్లికి ఈ ఇంటివాళ్ళ తిట్లు ఇప్పుడు కొత్తగా తగులుతాయి. చివరికి రెండింటినీ మెట్టు మీదే వదిలేసి లోపలికి వచ్చింది. రాళ్ళ ముందు పక్క వైపు తల కూడా తిప్పలేదు. పక్కకు పోయి, మొదటి రాతి వెనక అంచు మీద అరచేత్తో పైనుంచి కింది దాకా తడిమింది. రెండోదీ తడిమింది. మూడో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇదేనమ్మా."

చెంచమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీకెట్ల తెలుసు?"

"మా అమ్మ దీని మీద కొడవలి నూరేది."

సువార్తమ్మ తలొంచుకుని చెప్పుకుపోయింది. "కోతలప్పుడు మీ అత్త చేలోంచి ఇంటికి పోయినాక, ఆడోళ్ళందరం కంపల్లో దూరి ఈ రాతి వెనక నూరుకునేటోళ్ళం. ఈరన్న మీద నూరిన కొడవలి చెయ్యి కొయ్యదని మా పెద్దోళ్ళ నమ్మకం. బాప్తిస్మం తీసుకున్నాక కూడా మా అమ్మ మానలేదు. అందరూ ఒక దిక్కు నూరితే మా అమ్మ ఒక్కతే ఇంకో దిక్కు నూరేది, ఎడమచేతి వాటం గదా. ఆ గాడి ఏటవాలుగా ఉంటాది. చిన్నప్పుడు దాంట్లో వేలు పెట్టి ఆడుకుంటి నేను."

చెంచమ్మ మొహం ఎర్రబడింది. ఇంటి దేవుడి వీపు మీద కూలోళ్ళు కొడవళ్ళు నూరారా! ఇదే మాట అత్త బతికుండగా తెలిసి ఉంటే ఊళ్ళో పంచాయితీ జరిగేది, జుట్లు పట్టుకోవడాలూ జరిగేవి. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆ తిట్టు ఎవరిని తిట్టాలి? ఏళ్ళ తరబడి మొక్కినవాళ్ళకు తెలియనిది, నూరినవాళ్ళకు తెలిసింది.

ఆమె నోరు మూసుకుని కొంగున ఉన్న ముడి విప్పింది. పసుపు చూడగానే కావలి బంట్రోతు పరుగున వచ్చాడు. అరవం కలిసిన తెలుగులో, పసుపు పూయరాదు, టెంకాయ కొట్టరాదు, దీపం పెట్టరాదు, కళ్ళతో చూసి పోవాలి అన్నాడు. ఏబేలు ఎంత బతిమాలినా వినలేదు. అతని కొలువు అట్లాంటిది, అతన్ని అనుకుని లాభం లేదు.

బంట్రోతు పక్కకు తిరిగేదాకా చెంచమ్మ కదలలేదు. తిరిగాక, అత్త దంచిన పసుపులో నాలుగు వేళ్ళూ ముంచి, ఆ చెయ్యి సువార్తమ్మ ముందుకు చాపింది.

"యాడుంది మీ అమ్మ గాడి? చూపీ."

సువార్తమ్మ ఒక్క క్షణం జంకింది. తర్వాత ఆ మణికట్టు పట్టుకుని, రాతి వెనక్కి తీసుకుపోయి, ఆ వేళ్ళను ఏటవాలు గాడిలో పెట్టింది. వేళ్ళు సరిగ్గా పట్టాయి. చెంచమ్మ గట్టిగా అదిమి, పై నుంచి కింది దాకా రాసింది. కొండమ్మ పసుపంతా ఎవరికీ కనిపించని ఆ గాడిలోకి ఇంకిపోయింది.

బంట్రోతు చూడనే చూశాడు. "ముట్టకూడదమ్మా! ముట్టకూడదు!" అని కేకేశాడు.

సువార్తమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసుకోబోయింది. చెంచమ్మ ఆ చేతిని వదల్లేదు.

"అరవై ఏండ్లూ ముట్టకుండానే ఉంటి నాయనా" అంది. "అందుకే గదా ఆనవాలు పట్టలేకపోతిని."