సంతకం నాదే

ఆ హెలికాప్టర్ ఎగరొచ్చని సంతకం పెట్టింది నేనే.

రాయదుర్గంలో కంపెనీ పెద్దలను తిప్పే చిన్న సంస్థలో నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. ఆ ఉదయం ఇంజిన్ నూనెలో ఇనుప రజను కనబడింది. అంటే లోపల ఏదో అరిగిపోతోంది. ఎగరనివ్వకూడదని మేనేజరుకు ఫోన్ చేశాను. విని, ఫోన్ పెట్టేసి, మెసేజ్ పంపాడు: "గెస్టులు ఎయిర్‌పోర్టులో ఉన్నారండి. సంతకం పెట్టేయండి, మిగతాది నేను చూసుకుంటాను."

పెట్టాను. మనసొప్పక, ఇంజిన్ శబ్దం వినడానికి నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. పైలట్‌కు మాత్రం చెప్పలేదు.

మూడంతస్తుల ఎత్తు లేచామో లేదో ఇంజిన్ బలం పడిపోయింది. "గట్టిగ పట్టుకో బిడ్డా!" అని అరిచాడు పైలట్. రోడ్డు మీద ఆఫీసు క్యాబులు బారులు తీరి ఉన్నాయి. వాటిని తప్పించి, ముందున్న ఖాళీ ప్లాటులో దించాడు. దిగడం కాదు, పడటమే. నా భుజం ఎముక విరిగింది. ఆయన వెన్నుపూస చిట్లింది.

మూడో రోజున, ఆసుపత్రిలో ఉండగా, మేనేజరు ఫోన్ చేశాడు. "పైలట్ తప్పని రాసిచ్చానండి. మీరు నోరు విప్పితే మునిగేది మీరే."

పక్క వార్డులో పైలట్ కదలలేక పడుకుని ఉన్నాడు. "ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. గిప్పుడు నాకే రాదంటుండు" అన్నాడు.

మేనేజరు ఆ మెసేజ్ చెరిపేశాడు. కానీ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. వెంటనే బయటపెట్టలేదు. ప్రగతి నగర్‌లోని మా ఇంట్లో ఒంటిచేత్తో జడ వేసుకోలేక ఏడుస్తూ, అతను ఇంకో అబద్ధం ఆడేదాకా ఆగాను. విచారణలో, నా నుంచి ఫోనే రాలేదని, తానేమీ చెప్పలేదని రాసి సంతకం చేశాడు. అప్పుడు లేచాను.

"సంతకం నాదే. తప్పూ నాదే. ఇది కూడా చూడండి" అని స్క్రీన్‌షాట్ ముందుంచాను.

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. కళ్లారా చూశాను.

అతని ఉద్యోగం పోయింది, అతని మీద కేసు పడింది. నా లైసెన్సూ ఆపేశారు. బయట మెట్ల దగ్గర మేనేజరు అడిగాడు: "ఇద్దరం పోయాం. ఏం సాధించారండీ?"

"మీరు పోయారు. నాకది చాలు."

మేనేజరు అబద్ధం బయటపెట్టానని చెబుదామని పైలట్ ఇంటికి వెళ్లాను. అంతా విన్నాడు. "ఇంజిన్ ఖరాబుందని తెలిసి నన్ను ఎక్కనిచ్చినవ్. ఇగ రాకు" అన్నాడు.

మళ్లీ వెళ్లలేదు. ఆయన మాట ఇప్పటికీ కోస్తుంది. కానీ ఆ రోజు మేనేజరు మొహం తలచుకుంటే మాత్రం, దాచడమెందుకు, ఆనందంగానే ఉంటుంది.