దేశమ్మ సక్సెస్ స్టోరీ

2022 డిసెంబరులో పుత్తూరులోని ఒక కల్యాణ మండపంలో మా మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభ జరిగింది. కరోనా వల్ల రెండేళ్ళు సభ పెట్టలేదు కాబట్టి ఆ ఏడు ఊళ్ళకు ఊళ్ళే కదిలి వచ్చాయి. మండపం ముందు ఆటోలు, ట్రాక్టర్లు. లోపల ఎటు చూసినా ఒకే రంగు చీరలు, తలనిండా పూలు, చెవులు చిల్లులు పడే మాటలు. ఇంట్లో పనంతా పక్కన పడేసి వచ్చిన ఆడవాళ్ళు ఒకచోట చేరితే ఎంత సందడో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

నేను సీసీని, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ని. కొన్ని ఊళ్ళ పొదుపు సంఘాలను చూసుకోవడం, వాళ్ళకు శిక్షణ ఇవ్వడం, తగాదాలొస్తే సర్దిచెప్పడం నా పని. ఇవి అందరు సీసీలూ చేసేవే. నాకు మాత్రం ఇంకో పేరుండేది. సక్సెస్ స్టోరీ రాయాలంటే విజయే రాయాలి అనేవాళ్ళు. సక్సెస్ స్టోరీ అంటే సంఘంలో చేరి బాగుపడిన ఒక సభ్యురాలి కథ. మహాసభలో ఆమె నోటితోనే చెప్పిస్తాం. ముందు కష్టాలు, మధ్యలో సంఘం, చివర సుఖం. కష్టాలు ఎంత పెద్దవైతే చప్పట్లు అంత గట్టిగా పడతాయి. మండలంలో మా పైఅధికారి ఏపీఎం గారు, "విజయమ్మా, హాలు ఏడవాల" అనేవారు. నేను ఏడిపించేదాన్ని. ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ ఏడు కథకు నేను దేశమ్మను ఎంచుకున్నాను. పుత్తూరుకు దగ్గర్లోని పల్లె ఆమెది. భర్త పేరు మునస్వామి. ఒకప్పుడు బాగా తాగేవాడు. సంఘం మీటింగుకు పోయే ఆడవాళ్ళను చూస్తే వెటకారం చేసేవాడు. ఒకసారి తాగి మోపెడ్‌తో సహా కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. విరిగిన ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు కట్టించుకుని నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అప్పుడు దేశమ్మ సంఘంలోని ఆడవాళ్ళే వంతులు వేసుకుని వాళ్ళింటికి అన్నం పంపారు, ఆవుకు గడ్డి కోసి వేశారు. తను ఎవరిని ఎగతాళి చేశాడో వాళ్ళే తెచ్చిన అన్నం మంచం మీద కూర్చుని తినాల్సి వచ్చేసరికి మునస్వామికి సిగ్గేసింది. కట్టు విప్పాక మళ్ళీ సారాయి ముట్టలేదు. సంఘం లోనుతో పాత ఆటో కొనుక్కుని ఊళ్ళో పిల్లల్ని పుత్తూరులో బడికి తిప్పేవాడు. ఆ పిల్లల తల్లులంతా మా సభ్యులే. ఆ ఇంటికి ఆ ఆటోనే ఆధారం.

ఇంత మంచి కథ చేతిలో ఉన్నా నాకు చాలలేదు. కట్టు సంగతి తీసేశాను. ఆస్పత్రికి పోకుండా కట్టు కట్టించుకున్నాడని అధికారుల ముందు చెబితే బాగుండదనుకున్నాను. దాని బదులు మునస్వామి రోజూ తాగొచ్చి దేశమ్మను చావబాదేవాడని రాశాను. చదివి వినిపిస్తే దేశమ్మ నోరు తెరిచింది.

"అయ్యో, కొట్టలేదు మేడమ్ ఆయన. తాగేసి వచ్చి పడుకుంటా వుణ్ణాడు, అంతే. తిట్టేది నేనే."

"తాగి పడుకున్నాడంటే ఎవరు వింటారు దేశమ్మా? కాస్త కారం పడాలి."

"ఆయన వింటే బాధపడతాడు మేడమ్."

"మగవాళ్ళను లోపలికి రానివ్వంలే. ఆయనకెలా తెలుస్తుంది?"

చివరకు ఆమె, "మీరు సదువుకున్నోళ్ళు, మీ ఇష్టం" అంది. ఆ మాటను నేను ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాను. రెండుసార్లు రిహార్సల్ కూడా చేయించాను, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొంగుతో కళ్ళు తుడుచుకోవాలో చెప్పి మరీ.

సభ రోజు వ్యాఖ్యానం కూడా నాదే. చేతిలో కార్డ్‌లెస్ మైకు. దేశమ్మ వంతు రాబోతుండగా వెనక వరసల్లో దాహం దాహం అని గోల మొదలైంది. నీళ్ళ క్యాన్లు బయట వ్యానులో ఉండిపోయాయి. నేనే మైకులో, "బయటున్న ఆటో అన్నలు కాస్త క్యాన్లు లోపలికి తెచ్చిపెట్టండి" అని పిలిచి దేశమ్మను వేదిక మీదికి పంపాను. ఆమె స్టాండ్ మైకు ముందు నిలబడింది. నేను ఆమె వెనకే మెట్టు మీద, కనబడకుండా కూర్చున్నాను. కార్డ్‌లెస్ నా ఒళ్ళో ఉంది. దాన్ని ఆపానో లేదో చూసుకోలేదు.

దేశమ్మ బాగానే మొదలుపెట్టింది. పేరు, ఊరు, సంఘం పేరు చెప్పింది. "మా ఆయన తాగతా వుణ్ణాడు" అంది. అంతలో, ఊరివాళ్ళను తన ఆటోలో తెచ్చి బయట ఉన్న మునస్వామి భుజం మీద క్యాను పెట్టుకుని నడవలోకి వచ్చాడు. భార్య గొంతు విని క్యాను దించి, అక్కడే నిలబడి సంతోషంగా చూస్తున్నాడు. తాగేవాడని చెప్పినందుకు కూడా సిగ్గుపడలేదు, తల ఊపాడు. ఆయన్ని చూడగానే దేశమ్మ ఆగిపోయింది.

నాకేమో మర్చిపోయిందనిపించింది. కలెక్టరేట్ నుంచి వచ్చిన అధికారి గడియారం చూసుకుంటున్నారు. ముందుకు వంగి గుసగుసగా అందించాను. "రోజూ చావబాదేవాడని చెప్పు దేశమ్మా. చెప్పేసి కళ్ళు తుడుచుకో. ఇక్కడే ఏడవాల్సింది."

ఆ గుసగుస హాలులోని స్పీకర్లన్నిటిలోంచీ వచ్చింది.

నా గొంతు నాకే ఎదురుగా వినబడితే ఒళ్ళోని మైకు తడుముకుని ఆపాను. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. నవ్వనిది ముగ్గురమే. దేశమ్మ, మునస్వామి, నేను.

దేశమ్మ మైకు గట్టిగా పట్టుకుంది. "ల్యా, ల్యా. మా ఆయన నన్ను యాపొద్దూ కొట్టల్యా. దేవుని మీద ఒట్టు" అంది. గొంతు వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నేను ఏడవమన్న ఏడుపు కాదు. మునస్వామి క్యాను అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. ఏపీఎం గారు లేచి, టైము లేదంటూ తర్వాతి అంశం పిలిచారు.

అంతటితో పోయి ఉంటే నా పరువొక్కటే పోయేది. పోయినా బాధ లేదు. కానీ ఎవరో ఫోనులో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. చూసినవాళ్ళు నన్ను చూసి నవ్వుకుని ఊరుకోలేదు. దేశమ్మ మొహం చూశారు. మొగుడు ఎదురుగా నిలబడితే మాట ఆగిపోయింది, కొట్టలేదని ఒట్టు వేసింది, వణికింది, ఏడ్చింది. భయపడే అలా చెప్పిందన్నారు.

అలా అనుకోవడం వాళ్ళకు నేర్పింది ఎవరు? నేనే. మా శిక్షణల్లో జెండర్ ట్రైనింగ్ అని ఒకటుంటుంది, ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింసను గుర్తుపట్టడం గురించి. అందులో నేను చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. భర్త ఎదురుగా ఉంటే ఆడది నిజం చెప్పదు, మాట వినకండి, మొహం చూడండి అని. ఆ పాఠం తప్పు కాదు. దానివల్ల నిజంగా బయటపడ్డ ఆడవాళ్ళున్నారు. అంత మంచి పాఠాన్ని తీసుకెళ్ళి ఏ తప్పూ చేయని మనిషి మెడకు చుట్టాను.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిస్తే మునస్వామి ఆటోలో సగం మంది పిల్లలు ఎక్కలేదు. ముఖ్యంగా ఆడపిల్లలు. దేశమ్మ ఫోను చేయలేదు, ఆ ఊరి సంఘం లీడరు చెబితే తెలిసింది. ఆ సాయంత్రమే వెళ్ళి ఇల్లిల్లూ తిరిగాను. కొట్టాడన్నది నా కల్పన అని, దేశమ్మ ముందే కాదందని చెప్పాను. వాళ్ళు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, ఎంతో మర్యాదగా విన్నారు.

ఒకామె మాత్రం మొహం మీదే అనేసింది. "మీరేం చేస్తారు మేడమ్, దేశమ్మ వచ్చి మీ కాళ్ళు పట్టుకొనుంటాది. సంసారం గదా, కప్పి పెట్టాల. మీరే గదా సెప్పినారు, ఆడది ఇట్లనే కప్పి పెడతాదని."

"నేను అబద్ధం రాశానమ్మా. నేను, నా చేత్తో!" అని దాదాపు అరిచాను.

"ఏమో మేడమ్. ఆడబిడ్డను పంపేదానికి మనసొప్పడం ల్యా."

నాకు ఏడుపొచ్చింది. అక్కడ నా ఏడుపుకు ఏం విలువ?

చివరికి మిగిలింది మునస్వామి ఇల్లు. నన్ను తిడితే బాగుండునని కోరుకుంటూ వెళ్ళాను. ఆయన తిట్టలేదు. "రండి మేడమ్, కూర్సోండి" అని చాప మీదున్న బట్టలు పక్కకు జరిపాడు. నేను క్షమించమని అడిగితే నేల చూస్తూ మాట్లాడాడు.

"తాగినానని సెప్పింటే నేనే ఆడ నిలబడి అవునంటా వుంటిని మేడమ్. ఊరంతా సూసిందే గదా. బిడ్డలు ఎక్కకపోతే పోనీ, రేణిగుంట ఫ్యాక్టరీలకు లేబర్ని తోలుకుంటా. నా బాధ దానికి కాదు. నా కూతురు అడిగింది. నాయనా, అమ్మను నువ్వు కొడతా వుణ్ణావా, నా సిన్నప్పుడు, అని. ల్యా అన్నా. సరే అనింది. మళ్ళా నా మొగం కల్లా సూడల్యా."

దేశమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

"పాపను పిలవండి, నేను చెబుతాను" అన్నాను. ఆ ఒక్క పనైనా నా చేతిలో ఉందనుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే పూజిత లోపల్నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది. పొడుగ్గా, సన్నగా, తండ్రి పోలికే. నేను దాచకుండా చెప్పాను. మీ నాయన అమ్మ మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదమ్మా, సభలో అందరూ చప్పట్లు కొట్టాలని నేనే కల్పించాను, తప్పు నాది అని.

ఆ పిల్ల ఏమాత్రం పొగరు లేకుండా, లెక్కలో సందేహం అడిగినట్టు అడిగింది.

"మేడమ్, అబద్ధం అప్పుడు సెప్పినారా, ఇప్పుడు సెప్తా ఉండారా?"

"పోయి సదువుకోపో మే" అని దేశమ్మ కసిరింది. పూజిత లోపలికి వెళ్ళిపోయింది. మునస్వామి ఆటో తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. నేను ఒక్కదాన్నే ఆ చాప మీద మిగిలాను.

ఇప్పటికీ నేను సీసీనే. ఇప్పటికీ మహాసభకు కథ కావాలంటారు. కథలో ఎవరెవరుంటే వాళ్ళందరికీ చదివి వినిపించి, ఎవరు ఏ మాట వద్దన్నా దాన్ని కొట్టేస్తున్నాను. కథలు చప్పగా ఉంటున్నాయని పైవాళ్ళు గొణుగుతున్నారు, గొణగనీ. మునస్వామి రేణిగుంట షిఫ్టులకే ఆటో తిప్పుతున్నాడు. ఎదురుపడితే నమస్తే మేడమ్ అంటాడు, నా తల పైకి లేవదు. అబద్ధం ఆడినవాళ్ళు ఒప్పుకుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని శిక్షణల్లో నేను చెప్పేదాన్ని. ఇప్పుడా మాట చెప్పడం మానేశాను. నా అబద్ధాన్ని ఊరంతా ఒక్కసారికే నమ్మింది. నిజాన్ని గడప గడపకూ మోసుకెళ్ళినా ఎవరూ తీసుకోలేదు, ఆ పిల్లతో సహా.