నైట్ షిఫ్ట్ గదిలో పీస్ లిల్లీలు

మొన్న మన చర్చి స్త్రీల కూడికలో మీరొక మాట అన్నరు. పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసిన మా వియ్యపురాలు, భర్త పోయినకాడి నుంచి దుఃఖంతో చీకటి గదిలోనే ఉండిపోయిందని. ఆ మాట అన్న చెల్లె కండ్లు తుడుచుకుంటున్నది కాబట్టి అక్కడ ఊకున్న. సంఘం పత్రికకు నన్నే రాయమన్నరు కాబట్టి ఇక్కడ సరిదిద్దుతున్న. ఆ గది కిటికీకి పరదా వేసి ఉన్నది పీస్ లిల్లీల కోసం. దుఃఖం సంగతి నేను అడగలే. పిల్లనిచ్చినదాన్ని, మా ఇద్దరి నడుమ అడిగే సంగతులు వేరే ఉండేటివి.

గోదావరిఖనిలో వాళ్లది కంపెనీ క్వార్టర్. మా వియ్యంకుణ్ణి నేను అన్న అనేదాన్ని, ఆమెను వదినె; ఆమె గూడ నన్ను వదినె అనే పిలిచేది. బొగ్గుబాయిలో నౌకరి. రాత్రంతా బాయిలో ఉండి వచ్చినాయన పగలంతా పడుకోవాలె గనుక లోపలి గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టి ఉండేది. ఆ గదిలో వదినె గులాబీ పెట్టింది, చచ్చింది. బంతి పెట్టింది, అదీ చచ్చింది. హుజూరాబాద్‌కు ఒక పెండ్లికి పోయి, వచ్చేటప్పుడు నర్సరీలో నీడకు బతికేది ఏదని అడిగి పీస్ లిల్లీ తెచ్చింది. నిగనిగలాడే పచ్చటి ఆకులు, నడుమ దోసిలి పట్టినట్టు ఒక తెల్లటి పువ్వు. దుప్పటి కింది అంచు జానెడంత పైకి మలిచి, ఆ సందులోంచి వచ్చిన వెలుతురుతోనే దాన్ని సాకింది.

"ఎండ తగలకుంట బతికేది మా ఇంట్ల మీ అన్న ఒక్కడే అనుకున్న వదినె. ఇగో, ఇది రెండోది" అన్నది.

మన ఊళ్లె బొగ్గు దుమ్ము ఎట్ల పడుతదో మీకు నేను చెప్పాల్నా. శనివారం శనివారం తడి గుడ్డతో ఒక్కో ఆకు కింద అరచెయ్యి పెట్టి తుడిచేది. గుడ్డ నల్లగయ్యేది. ఒకసారి అట్లనే తుడుస్తుంటే, నిద్రపోతున్నడనుకున్న అన్న ముసుగులోంచే అన్నడు: "నేను గూడ గదే దుమ్ములకెళ్లి వచ్చిన. నాకెవ్వరు తుడుస్తలేరు."

"నువ్వు పువ్వు పూస్తె తుడుస్త, పడుకో" అన్నది వదినె.

మొదట్ల ఆ కుండీలు నేల మీదనే ఉండేటివి. మా ఇద్దరి మనుమరాలు పాకే వయసులో ఒక ఆకు తెంపి నమిలింది. నోరంతా మండి, చొల్లు కారి, ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. డాక్టర్ చూసి భయం లేదన్నడు. నాకు మాత్రం కోపం తగ్గలే.

"పారెయ్ వదినె గా చెట్లను."

"చెట్టు నడిచిపోయి పిల్ల నోట్లె పడ్డదా?"

"అయితె పిల్లను పారేస్తవా?"

 వదినె కూరగాయల సంచులు అల్లే ప్లాస్టిక్ వైరుతోనే బుట్టలు అల్లింది. నేను మళ్ల పోయేసరికి, కొబ్బరి పీచు పరిచిన ఆ బుట్టల్లో లిల్లీలన్నీ తొట్టెల కొక్కేలకు, దండెపు కడ్డీకి వేలాడుతున్నయి. పిల్ల కింద ఆడుకుంటున్నది. "ఎవ్వర్నీ పారెయ్యలే" అన్నది నాతోని, టీ గిలాస చేతికిస్తూ. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా బుట్టలన్నీ జర ఊగేటివి. ఆమె మాట ఆపి, అవి నిలిచేదాకా చూసేది.

నీళ్లు పైనుంచి పోసేది కాదు. బుట్టను దించి, రాత్రే పట్టి పెట్టిన నల్లా నీళ్ల టబ్బులో ముంచి, చుక్కలు కారుడు ఆగినంక మళ్ల తగిలించేది. అదీ ఆకులు కొంచెం వాలినప్పుడే. రోజూ ఎందుకు పొయ్యవని ఒకసారి అడిగిన. "అడిగినప్పుడే ఇయ్యాలె వదినె. నీళ్లయినా, సలహా అయినా" అన్నది. ఆ రెండో ముక్క ఎవరికో నాకు తెలువకపోలే.

ఈస్టర్‌కు పువ్వులు కోసి పంపుమని పాస్టరు అయ్యగారు అడిగితే, కొయ్యలే. బుట్టకు బుట్టనే పంపింది. ఆరాధన అయిన గంటకే వచ్చి, ఆ పంకాగాలికి ఆకులు ఎండుతయని పట్టుకపోయింది. అది కూడ మీలో కొందరికి యాదికుండాలె. అప్పుడు పిసినారి అన్నరు.

అన్న పోయినంక ఆ దుప్పటి తీసి, పల్చటి తెల్ల పరదా వేసింది. అంటే ఆ గదిలో చీకటి తగ్గింది, పెరగలే. "ఇప్పుడు మస్తు పూస్తున్నయి వదినె" అన్నది ఒకనాడు. అని, గుడ్డ పిండుకొస్తనని బాత్రూంలోకి పోయి చాలాసేపు రాలే. మీరన్న దుఃఖం అదేనేమో. అయితే అది చీకట్లో లేదు.

మంగళవారం కబురందుకొని మేం పోయేసరికి టబ్బులో ఒక బుట్ట మునిగి ఉన్నది. దాన్ని తీసి తగిలిద్దామంటే నా భుజం పైకి లేవదు. మా బిడ్డ తగిలించింది.

ఇప్పుడు అసలు సంగతి. క్వార్టర్ మా అల్లుని పేరు మీద ఉన్నది. ఆయనకు బెల్లంపల్లి బదిలీ అయి చానా రోజులాయె, అమ్మ కదలదని ఇన్నాళ్లు ఆగిండు. నెలాఖరుకు తాళాలు అప్పజెప్పాలె. అక్కడ వాళ్లకు దొరికిన ఇల్లు మేడ మీద, పడమటి ఎండ. "బాల్కనీల పెడ్త అత్తమ్మ, ఎండకు మంచిగ పెరుగుతయి" అంటుండు. మంచోడే, చెట్ల సంగతి తెలువదు. వారం రోజుల్లో ఆకులన్నీ మాడిపోతయి. మా ఇల్లు తూర్పు ముఖం, కిటికీలు ఎక్కువ, మనిషికి ఓపిక తక్కువ. నేను అన్నీ సాకలేను.

కాబట్టి, ఇంటాయన నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునే ఇండ్లవాళ్లు మీలో ఎందరున్నరో, వాళ్లు శనివారం సాయంత్రం వదినె క్వార్టర్‌కు రండి. నేను అక్కడనే ఉంట. స్టూలు ఉన్నది, ఎక్కేది మీరే. మనిషికొక బుట్ట. ఒక పాత చీర తెచ్చుకొని బుట్టను చుట్టండి. ఆటోలో ఒళ్లో పెట్టుకోండి, కొక్కెం పట్టుకొని వేలాడదీసుకొని పోకండి. పిల్లలకు అందకుండ కట్టండి. దారిలో గాలికి ఆకులన్నీ వాలిపోతే ఫికర్ చెయ్యకండి. టబ్బులో ముంచి, చుక్కలు కారినంక ఆయన పడుకునే గదిలోనే తగిలించి, తలుపు దగ్గరికేయండి. తెల్లారి డ్యూటీ దిగి వచ్చిన మనిషి లైటు వేసేసరికి ఆకులు లేచి నిలబడి ఉంటయి.