అరగదీసిన కత్తి

ఖల్ఫాన్ ఆ పొద్దున చివరగా చేసిన పని, నానబెట్టిన మేకతోలును ఎవరిదో కత్తి పిడికి చుట్టి, కొసను పళ్లతో పట్టి బిగించడం. అది ఆరేలోగా కాఫీ తాగాడు. ఇక చాలన్నట్టు గిన్నె ఊపి పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని బహ్లా బజారులో ఎవరూ కదిలించలేదు.

చావు కబురు విని వచ్చిన అన్న జహ్రాన్ తమ్ముడి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలి నుంచి ఖల్ఫాన్ భార్య జువైనా గొంతు వినిపించింది.

"రండి బావగారూ. ఇప్పుడైనా గడప తొక్కుతారా, ఇంకా ఆ కత్తే అడ్డమా?"

కత్తే అడ్డం. అది ముత్తాతల నాటిది. తిన్నటి అలుగు, రెండు వైపులా పదును, గుప్పెడు పిడి, దాని కింద అలుగు వైపు వంగిన రెండు ఇనుప కొమ్ములు. యుద్ధం కోసం చేసిన బరువు. తుపాకులు వచ్చాక కత్తులు, రెండు వరసలుగా ఎదురెదురు నిలబడి పాడుతూ ఆడే పండగ ఆటలోకి చేరాయి. ఎగరేసి పట్టుకోవాలి గనుక ఊళ్లో కత్తులన్నిటికీ కొమ్ములు పోయాయి, పిడులు సాగాయి, అలుగులు ఖర్జూరపు ఆకుల్లా పలచబడి గాలిలో వణకడం నేర్చాయి. తండ్రి ముసబ్బహ్ కత్తి ఒక్కటే మారలేదు. జాంజిబార్ లవంగతోటల్లో ఉన్నన్నాళ్లూ జహ్రాన్ దాని గురించే గొప్పలు చెప్పుకున్నాడు.

ఏళ్ల కిందట తండ్రి పోయాక తిరిగొచ్చి, తన వాటాగా వచ్చిన కత్తిని ఒరలోంచి దూశాడు. కొమ్ముల్లేవు. అలుగు సగానికి అరిగి ఉంది.

"ఏంట్రా ఇది?"

"నేనే నాన్నని ఒప్పించానన్నా. కాలాన్ని బట్టి కత్తీ మారాలిగా."

"నేను లేంది చూసి ముసలాయన్ని లొంగదీశావన్నమాట! సింహాన్ని మేకని చేశావు గదరా."

"మేకైతే పాలైనా ఇస్తుంది. ఒక్కసారి ఎగరేసి చూడన్నా."

జహ్రాన్ ఎగరేయలేదు. మళ్లీ తమ్ముడితో మాట్లాడనూ లేదు. పండగొస్తే ఖల్ఫాన్ ఆట వరసలోంచి అన్న కోసం చూసేవాడు. అన్న తలుపేసుకునేవాడు.

ఖననమయ్యాక, పరామర్శల చాప మీద, సానరాయి తిప్పే ముసలి జుమా జహ్రాన్ పక్కకు జరిగాడు.

"ఖల్ఫాన్ నీకేమీ చెప్పలేదా నాయనా? చెప్పడులే, మీ నాన్నకి ఒట్టేశాడు. ఆయనకి మణికట్టు చచ్చుబడింది. ఆటలో ఆ బరువు కత్తి జారిందంటే ఎదుటి వరసవాళ్లు ఎగతాళి పాట కట్టేస్తారాయె. ఆ పాట మనవల్ని కూడా వదలదు."

"నాకు ఉత్తరం రాయించొచ్చుగా?"

"నీకే తెలీకూడదన్నాడు. పెద్దాడి కళ్లలో చిన్నబోలేనన్నాడు."

జహ్రాన్ ఖర్జూరాల పళ్లెం దూరంగా నెట్టాడు. జుమా మాత్రం ఆపలేదు.

"అరగదీయొద్దని మీ తమ్ముడు ఆయన్ని ఎంత బతిమాలాడో! ఏడుస్తూనే అలుగు పట్టాడు. నేను రాయి తిప్పాను. రాయి మీద నీళ్లు పోస్తూ కూర్చుంది మీ నాన్నే."