బొట్టు పెట్టిన సీసా

తెలకపల్లి కురుమూర్తి కూతురు అమూల్య వనపర్తిలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. బయటి నుంచి వచ్చిన కబురును కణం లోపలికి మోసుకుపోయే ప్రొటీన్ ఒకటుంది. గొర్రె కార్జంలో అది ఎప్పుడు మేలుకుంటుందో కనిపెట్టడం ఆమె పని. కార్జం మీద కూడా డాక్టరు చదువుంటదా అని ఊళ్లో నవ్వుతుంటే, చెప్పడమే మానేసింది.

వేల ప్రొటీన్ల మధ్య మేలుకున్న ఆ ఒక్కదాన్నే గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ కావాలి. అది అంటుకుంటే పరీక్షకు వాడే కాగితంలాంటి పలుచని పొర మీద నల్లటి గీత పడుతుంది. ఆ గీత కమిటీకి చూపిస్తేనే ఈ ఏడు అమూల్యకు డాక్టరేటు. నెలల తరబడి ఎదురుచూశాక, చిటికెన వేలంత సీసాలో ఆ మందు మంచు పెట్టెనెక్కి విదేశం నుంచి దిగింది.

మర్నాడే ఆయుధపూజ. ల్యాబు పెద్ద వెంకటయ్య సారుకు భక్తి ఎక్కువ. ఫ్రిజ్ తెరిచి సీసా తీసి, బొట్టు పెట్టి, అమ్మవారి పటం ముందు దీపం పక్కనే నిలబెట్టాడు.

"సార్, అది చల్లగ ఉండాలె. మళ్ల లోపల పెడత," అంది అమూల్య.

"పూజల పెట్టినదాన్ని పండుగ ఎల్లేదాంక కదిలిస్తరా? గింత చదివి గిదేనా తెలివి. అమ్మవారు చూసుకుంటది."

అమ్మవారికి ఇంకేవో పనులున్నట్టున్నాయి. పండుగ వెళ్లాక ఆ మందుతో పరీక్ష చేసి చూస్తే పొర తెల్లగా మెరిసింది. సరిచూసుకోవడానికి కంపెనీ పంపిన, గీత తప్పక పడాల్సిన నమూనా దగ్గర కూడా ఏమీ లేదు. అమూల్యకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

సారు మాత్రం మురిసిపోయాడు. "మన పాలమూరు గొర్రెల ఈ ప్రొటీన్ మేలుకోదన్నట్టు. కొత్త సంగతి. పేపర్ రాద్దం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేరం గొర్రె మీద పడింది.

"కంపెనీ నమూనాల గూడ గీత లేదు సార్. సచ్చింది యాంటీబాడీ."

"ఆ ముక్క కత్తిరిస్తే అయిపాయె. నీ పేరే ముందు పెడత. కమిటీ గూడ పాస్ చేస్తది."

ఒక్క క్షణం అమూల్యకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ తన చేత్తో కడిగిన పొర అది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, "అబద్ధానికి నా పేరొద్దు సార్," అంది. ఆ రోజు నుంచి సారు ఆమెతో మాట్లాడడం మానేశాడు. కమిటీకి చూపడానికేమీ లేక ఏడాది వృథా అయింది.

మళ్లీ దసరాకు కొత్త సీసా వచ్చింది. ఆయుధపూజ పొద్దున అమూల్య అందరికన్నా ముందే వచ్చి, నిరుటి సీసాకు నిండుగా బొట్టు పెట్టి పటం ముందుంచింది. కొత్తది ఫ్రిజ్‌లో చల్లగా పడుకుంది. చచ్చిన సీసాకు సారు కళ్లు మూసుకుని హారతి ఇచ్చాడు.

పండుగ దాటగానే పొర మీద కాటుకలాంటి గీత పడింది. గొర్రె పరువు నిలబడింది. సారు చాలాకాలానికి నవ్వాడు.

"చూసినవా అమూల్యా, నిరుడు నీకు నమ్మకం లేక పాడైంది. ఈసారి భక్తిగ పెట్టినవ్, అమ్మవారు పలికింది."

అబద్ధానికి పేరివ్వనని ఏడాది పోగొట్టుకున్న పిల్ల, "అవును సార్," అంది.