బండ మీద రెండో రాయి

అబద్ధమాడని మనిషినని చెప్పను. అసలు ఈ సంగతి మొదలైందే నా అబద్ధంతో. కానీ ఇప్పుడు చెప్పబోయేది నా చెవులతో విన్నది... నా కాలికి తగిలింది. ఇందులో ఒక్క ముక్క కల్పించినా చివరి గడియలో నా గొంతులో గంగనీళ్లు దిగకూడదు. ఇంట్లోవాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం మీకు చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను మంచిర్యాల అవతల బొగ్గుగనుల కాలనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా ఆఫీసుకు కాకినాడ వైపు నుంచి ఒక ఇంజినీరు బదిలీ మీద వచ్చాడు. ఆయన భార్య సముద్రం చూస్తూ పెరిగిన మనిషి. ఈ బొగ్గు దుమ్ములో ఆమెకు ఊపిరాడటం లేదట. దగ్గర్లో చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా అని ఆయన ఒకరోజు ఆఫీసులో అందరినీ అడిగాడు. అందరికంటే ముందు నోరు తెరిచింది నేను.

"కోటకుర్రు ఉన్నది సార్. గోదావరి నడుమ పాత పట్నం. కోట, గుడి, దర్గా, టంకసాల... సముద్రపు ఒడ్డు లెక్కనే ఇసుక. అక్కడ ప్రతి రాయి నాకు ఎరుకే."

కుర్రు అంటే మా వైపు నదిలోని దీవి; గోదావరిని గంగ అనే అంటాం. దాన్ని నేను మంథని పోయేటప్పుడు ఒడ్డు మీది నుంచి చూశాను. అంతే. ఎన్నడూ కాలు పెట్టలేదు.

ఆదివారం జీపులో పోదామని ఖాయమైంది. నాకు గుబులు పట్టుకుంది. శనివారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ముందుగా అన్నీ చూసి రావడానికి ఒక్కణ్ణే బయలుదేరాను.

రేవు దగ్గర ఒక నల్లటి బండ ఉంది. దాని మీద చిన్న చిన్న గుంటలు. పడవ ఎక్కేవాళ్లు ఒక్కొక్కరే కింది నుంచి ఓ గులకరాయి ఏరి గుంటలో పెడుతున్నారు. పడవ నడిపే పోశన్న నా వైపు చూశాడు.

"రాయి పెట్టుండ్రి సారూ."

"ఎందుకు?"

"పొద్దుగాల నేను నడుపుత. పగటాల్ల నుంచి మా తమ్ముడు. ఎవలు పోయిండ్రో వానికేం ఎరుక? బండ మీద రాయి ఉంటే మనిషి అవతల ఉన్నట్టు. మళ్లొచ్చినోళ్లు ఎవల రాయి వాళ్లు తీసి గంగల ఏస్తరు. బండ ఖాళీ అయితే వాడు పడవ కట్టేసి ఇంటికి పోతడు."

"నాకు గడియారం ఉన్నది పోశన్నా. రాయెందుకు? చీకటి పడకముందే వస్త."

పడవలో కూర్చున్న ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "సదువుకున్నోడు గదనే. రాయి ఎత్తితే చెయ్యి నొస్తదేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాయి మాత్రం పెట్టలేదు.

దీవి నిజంగా చూడదగ్గదే. ఒకప్పుడు బజార్లు, ఇళ్లు ఉన్న పట్నం. ఏదో పెద్ద వరదకు జనం ఊరు వదిలిపోయారు. ఇప్పుడు పగలు మొక్కులకు వచ్చేవాళ్లే తప్ప రాత్రి నిలిచేవాళ్లు లేరు. గుడి ముందు నంది ముఖం వరదలకు అరిగి నున్నగా అయింది. దర్గా కిటికీ నిండా దారాలు, హిందువులవీ ముస్లిములవీ కలిసిపోయి. కోట బురుజు ఎక్కితే గోదావరి రెండు పాయలుగా చీలి దీవిని చుట్టుకోవడం కనిపిస్తుంది. కింద తెల్లటి ఇసుక. నేను మర్నాడు చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ తిరిగాను.

చివరికి మిగిలింది టంకసాల. పాత రాజులు నాణేలు అచ్చువేయించిన చోటట. నేల లోపలికి ఉంటుంది. గుమ్మానికి తలుపు లేదు. ముప్పాతిక వంతు ఇసుకలో కూరుకుపోయింది. పైన... మనిషి బోర్లా పడుకుని పాకేంత సందు. లోపల అరిస్తే గొంతు తిరిగి వస్తుందని పడవలో ఎవరో చెప్పారు. ఇంజినీరు గారి భార్యకు అది చూపించాలి కదా.

పాకాను. లోపలికి జారాను. అగ్గిపుల్ల గీశాను. పొడుగాటి గది. అవతలి కొస వెలుతురుకు అందలేదు.

"ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను, సరదాకి.

"ఉన్నరా..." అని గోడలు తిరిగి పలికాయి.

సంబరంగా వెనక్కి తిరిగాను. అప్పుడు వినిపించింది. జర్ర్ర్... మని. మెత్తగా. నేను పాకినప్పుడు కదిలిన ఇసుక... పైనుంచి దిబ్బంతా జారింది. సందు మూసుకుంది. వెలుతురు పోయింది.

మొదట భయం వేయలేదు. ఇసుకే కదా అనుకున్నాను. రెండు చేతులతో తోడాను. తోడిన కొద్దీ పైనుంచి దిగుతోంది. గోళ్లు చిట్లాయి. అగ్గిపుల్లలు అయిపోయాయి. ఎంతసేపో తెలియదు... గడియారం ఉంది, కనిపిస్తే కదా.

అప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ల మీద నుంచి, ఒక పిలుపు.

"ఓ... య్... ఆఖరి పడవ..."

పోశన్న తమ్ముడు. నేను గొంతు చిరిగేలా అరిచాను. ఇసుక నా అరుపును మింగేసింది. ఇంకోసారి పిలిచాడు. తర్వాత లేదు. ఇప్పుడు బండ దగ్గరికి పోతాడు... గుంటలు తడుముతాడు... నా పేరిట అక్కడ ఏమీ లేదు. నేను ఇక్కడ ఉన్నానని ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

మళ్లీ తోడటం మొదలుపెట్టాను. సర్... సర్... సర్... చేతులు నొచ్చి ఆగాను.

సర్...

ఆగింది నేను. చప్పుడు ఆగలేదు.

సర్... సర్... గది అవతలి కొస నుంచి. ఎవరో ఇసుకను తోడుతున్నట్టు. నాలాగే. తీరిగ్గా కాదు... అలసిపోయిన చేతులతో. నేను ఊపిరి బిగబట్టాను. కాసేపటికి అదీ ఆగింది.

"ఎవరది?" అన్నాను.

ఈసారి గోడలు పలకలేదు. మధ్యాహ్నం అంత గట్టిగా తిరిగి పలికిన గది... ఇప్పుడు నా మాటను ఉంచేసుకుంది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

తర్వాత... చాలాసేపటి తర్వాత...

"నీళ్లు..."

ఆడగొంతో మగగొంతో చెప్పలేను. ఎండిపోయిన గొంతు.

"జరన్ని... నీళ్లు..."

నా భుజాన సీసా ఉంది. సగానికి పైగా నీళ్లున్నాయి. నేను దాన్ని రొమ్ముకు అదుముకున్నాను. లోపల నీళ్లు గలగలమనకుండా కదలకుండా కూర్చున్నాను. దయ్యం అనుకున్నాను అని మీకు చెప్పొచ్చు. నిజమే, అనుకున్నాను. కానీ మరో మాట కూడా మనసులో మెదిలింది. మనిషైతే... ఈ నీళ్లు ఇద్దరికి చాలవు.

రాత్రంతా నేనేం జవాబు చెప్పలేదు. ఆ గొంతు ఉండి ఉండి అడిగింది. ప్రతిసారీ కొంచెం దగ్గర నుంచి. ఒకసారి ఊపిరి కూడా వినిపించింది, ముక్కులో దుమ్ము చేరినవాళ్ల ఊపిరిలా. నేను ఇసుకకు వీపు ఆనించి, ఒక చేత్తో తల పక్కన తోడుతూనే ఉన్నాను.

తెల్లవారుజామున నా వేళ్లకు చల్లగాలి తగిలింది. సూదిమొన అంత వెలుతురు. పిచ్చివాడిలా తోడాను. తల పట్టింది. భుజాలు పట్టాయి. సీసా పట్టీ తెగి లోపలికి జారిపోయింది. పాకుతున్నాను... నడుము దాకా బయటికొచ్చాను...

అప్పుడు నా మడమ మీద ఏదో ఆనింది.

పట్టుకోలేదు. లాగలేదు. ఆనింది, అంతే. చల్లగా... అరచేయిలా.

నేను తన్నాను. చూడకుండా, వెనక్కి, బలమంతా పెట్టి తన్నాను. బయట పడ్డాను. ఆ తన్నుకు ఇసుక మళ్లీ జారింది. సందు నా వెనకే మూసుకుంది. లోపలి నుంచి తట్టిన చప్పుడు... మెత్తగా... ఒకసారి. నేను పరుగెత్తాను.

నీళ్ల దగ్గరికి చేరేసరికి పోశన్న పడవ అప్పటికే సగం దూరం వచ్చేసింది. నేను కేక కూడా వేయలేదు. ఒడ్డుకు తగలగానే నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"సారూ, గిదేం అవతారం? రాత్రి ఈడనే పన్నరా?"

"చూసుకుంట ఉండిపోయిన."

"ఇంకొకలు ఏరి?"

"ఎవరు?"

"బండ మీద రెండు రాళ్లున్నయి. అందుకే పొద్దెక్కకముందే వచ్చిన."

"నేను రాయి పెట్టలే కద..."

"మీ రాయి నేనే పెట్టిన. అడిగితే పెట్టకపోతిరి, ఇడిశిపెడ్తనా? మా తమ్ముడు రాత్రి కల్లు మీద ఉన్నడు, తడుముకున్నడో లేదో. మరి రెండోది ఎవలిది? నేనైతే పెట్టలే. లోపల ఎవలన్న కనవడ్డరా?"

అదిగో... అక్కడ నేను ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. దీవి నా వెనకే ఉంది. పోశన్న చేతిలో గడ ఉంది. కొద్ది అడుగులు వెనక్కి నడిస్తే చాలు.

"లేరు," అన్నాను. "ఒక్కణ్ణే."

ఎందుకన్నాను? మళ్లీ ఆ సందు ముందు నిలబడటం నా వల్ల కాదు. ఇంకోటి... జీపు వచ్చే వేళయింది. ప్రతి రాయీ తెలుసన్నవాడు రాత్రంతా గుంటలో చిక్కుకున్నాడని తెలిస్తే ఆఫీసంతా నవ్వుతుంది. ఇంత చిన్న సంగతి కోసం.

ఒడ్డుకు వచ్చాక పోశన్న ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్లలో వేశాను. రెండోది అక్కడే ఉంచాడు.

మొహం కడుక్కున్నాను. జీపు వచ్చింది. ఇంజినీరు గారూ, ఆయన భార్యా దిగారు. ఈసారి నేనే ముందుగా రాయి ఏరి బండ మీద పెట్టాను. వాళ్లకు అన్నీ చూపించాను. నంది, దారాలు, బురుజు, ఇసుక. ఆమె చెప్పులు విప్పి, పాయ అంచున ఉత్త కాళ్లతో నడిచి, చిన్నపిల్లలా నవ్వింది. నేనూ నవ్వాను. నా చెవుల్లో మాత్రం సర్... సర్...

"టంకసాల అన్నారు కదండీ, అది ఏదీ?" అని అడిగింది.

"పాములుంటయమ్మా. వద్దు."

ఆమె వినలేదు. మాటల్లోనే ముందు నడిచింది. నేను వెనకపడ్డాను. పెరిగిన పొదల అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఈ గుమ్మం ఎవరో ఇప్పుడే తవ్వినట్టున్నారే."

పరుగున వెళ్లాను. గుమ్మం తెరిచి ఉంది. నేను పొద్దున పాకి బయటపడ్డ సందు కాదు, మనిషి వంగి నడిచేంత దారి. ఇసుక రెండు పక్కలా కుప్పలుగా ఉంది. పై మెట్టు మీద నా సీసా నిలబెట్టి ఉంది. బిరడా బిగించి ఉంది. లోపల చుక్క నీళ్లు లేవు.

ఇంజినీరు గారు టార్చి వేసి లోపలికి చూశాడు. గది ఖాళీ. అవతలి కొసన గోడే తప్ప ఏమీ లేదు. చుట్టూ అడుగుల కోసం వెతికాను. గాలికి కదిలే ఇసుక... ఏమీ నిలవదు. ఆమె లోపలికి వంగి "ఓయ్" అంది. "ఓయ్..." అని గది చక్కగా తిరిగి పలికింది.

సాయంత్రం మా రాళ్లు మేము తీసుకున్నాం. ఆ ఒక్కటి మిగిలింది. బయటికి వచ్చినవాడు పడవ ఎక్కలేదు. మరి ఎటు పోయాడు?

కొన్నేళ్ల తర్వాత ఆ రేవుకు మళ్లీ పోయాను. పోశన్న ముసలివాడయ్యాడు. రాయి అదే గుంటలో ఉంది. వానాకాలం ఆ బండ మీదుగా నీళ్లు పోతాయి. అయినా ఉంది. అదే రాయా, ఆయన మళ్లీ పెట్టాడా, అడగలేదు. ఆ రాత్రి సంగతి మాత్రం మొత్తం చెప్పాను. గొంతు, నీళ్లు, తన్ను... అన్నీ. తిడతాడనుకున్నాను.

ఆయన వంగి ఆ రాయిని వేలితో తాకాడు.

"గా పొద్దుగాల చెప్తే, తిరిగి పోతుంటిమి గద సారూ," అన్నాడు. అంతే.

అది ఏమిటో నాకు తెలియదు. ఒట్టు, ఇప్పటికీ తెలియదు. అందరూ దయ్యాలు ఉండకూడదని మొక్కుకుంటారు. నేను మాత్రం ప్రతి రాత్రీ దీపం ఆర్పేముందు... అది దయ్యమే అయి ఉండాలని మొక్కుకుంటాను.