పడమటి విమానానికి తూర్పు రైలు

తాండూరు నుంచి బొంబాయికి విమానంలో వెళ్లాలనుకునేవారికి ముందుగా ఒక మాట. హైదరాబాదు నుంచి బొంబాయి ఆకాశమార్గాన దాదాపు నాలుగు వందల మైళ్లు, రెండున్నర గంటలు. కానీ ఆ విమానం అందుకోవాలంటే, పడమరనున్న బొంబాయి కోసం మనం తూర్పున బేగంపేట దాకా రైల్లో పోవాలి. నేను ఈ తిప్పలకు సిద్ధపడింది నాన్న కోసం. శనివారం పొద్దున తొమ్మిదింటికి బొంబాయిలో ఆయనకు కడుపు ఆపరేషన్. కత్తి పడకముందే ఒకసారి నన్ను చూడాలని కబురు పెట్టాడు. మెయిలు బండిలో పోతే మధ్యాహ్నానికి గానీ చేరను.

శుక్రవారం బేగంపేట వైపు బండి పదకొండింటికి. అది రాహుకాలం. అందుకని అమ్మ తెల్లవారగానే నా విమానం టికెట్టును సంచిలో పెట్టి ఎదురింటి బాలమణి చిన్నమ్మ దగ్గర ఉంచింది. మంచి గడియలో సామాను గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. దీన్నే మేం ప్రస్థానం పెట్టడం అంటాం.

"బట్టలెందుకురా, ప్రయాణమంటే టికెట్టే గదా. పోయేటప్పుడు యాది మర్వకుండ తీస్కపో," అంది అమ్మ.

నేనేమో పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. జట్కా రాగానే ఎక్కేసి, "జర జల్ది పోనియ్," అన్నాను. స్టేషనుకు అర్ధరూపాయి.

వికారాబాదులో బండి నీళ్లకు ఆగినప్పుడు జేబు తడుముకున్నాను. టికెట్టున్న సంచి చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. దిగి స్టేషన్ మాస్టరు దగ్గరికి పరిగెత్తి, వెనక బండిలో సంచి తెప్పించమని బతిమాలాను.

"గా బండొచ్చేసరికి పొద్దుగూకుతది సేఠ్. గంతదాక విమానం ఆగుతదా? టికెట్టు లేకుంటే లోపటికే రానియ్యరు. బొంబాయి మెయిలు గిక్కడికే వస్తది, ఎక్కుండ్రి. సంచి తాండూరు స్టేషనుకు తెమ్మని ఫోన్ల చెప్పిస్త."

ఆ మధ్యాహ్నమంతా ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. తెప్పించుకున్న చాయ్ చల్లారిపోయింది. అనంతగిరి వైపు నుంచి చల్లగాలి వస్తున్నా ఒళ్లంతా చెమటే. ఐదు దాటాక దూరంగా ఆకాశంలో మోత వినిపించింది. నా సీటు ఖాళీగా బొంబాయికి పోతోంది. నాన్న కళ్లు మూసేలోపు చేరలేనేమోనని భయం పట్టుకుంది.

మెయిలు తాండూరులో ఆగితే, సంచి పట్టుకుని చిన్నమ్మ నిలబడి ఉంది. "గడియకు బయలెల్లింది సంచి. నువ్వు కాదు పో!" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పన్నెండు దాటాక ఆస్పత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దుగాల కోస్తమన్నరు. శనారం తొమ్మిదింటికి రాహుకాలం. పానం పోయినా సరే, ఒప్పుకోనన్న. రెండింటికి పెట్టిండ్రు," అని నా చెయ్యి పట్టుకున్నాడు. "విమానం గింత ఆలస్యమైందా, కొడుకా?"

నాకు విమానాన్ని తప్పించిన ఆ రాహుకాలమే నాన్న పక్కన గంటన్నర కూర్చోనిచ్చింది. అప్పటినుంచి మైళ్లు లెక్కేసి తొందరపడటం కొంత తగ్గించుకున్నాను. మీకు ఒక్క సలహా: ప్రస్థానం పెట్టదలిస్తే తువ్వాలు పెట్టండి. టికెట్టు మాత్రం మీ జేబులోనే ఉండనివ్వండి.